రవీంద్రుడు ఏడవలేదని మీకెవరు చెప్పారు?

ఎవరింట్లోనైనా మనిషి పోతే నాలుగైదు రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. "మాస్టారూ, పెద్దకర్మ కార్డు వేయిస్తున్నాం. పైన టాగోర్ మాట ఒకటి కావాలి. చావంటే లెక్కలేదన్నట్టుండాలి." బెంగాలీ నుంచి తెలుగు చేయడం, కాలేజీలో రవీంద్రుణ్ని పాఠం చెప్పడం నా పని కనుక అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. దాని వెనకున్న నమ్మకంతోనే నాకు పేచీ.

అపోహ: రవీంద్రుడు ఋషి. అయినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నా చలించలేదు. మృత్యువును నవ్వుతూ పిలిచాడు.

వినడానికి ఎంతో గొప్పగా ఉండే ఈ మాట బరువంతా పడేది దుఃఖంలో ఉన్నవాళ్ల మీద. చేతికందొచ్చిన కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి నన్నడిగింది: "భార్యా పిల్లలూ పోయినా ఆయన గీతాంజలి రాసుకుంటూ కూర్చున్నాడటగా సార్. మావాళ్లు రోజూ అదే చెబుతున్నారు. నాకేమో ఏడుపు ఆగడం లేదు. నాకు భక్తి చాలదంటారా?" పరామర్శకు వచ్చినవాళ్లు ఆమెను ఓదార్చాలనే అని ఉంటారు. కానీ ఆ మాటతో ఆమెకు కడుపుకోతకు తోడు, ఏడవడం కూడా తప్పేమోనన్న దిగులు పట్టుకుంది. ఆ రోజు ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

వాస్తవం: 1884 ఏప్రిల్‌లో వదిన కాదంబరీ దేవి ప్రాణం తీసుకుంది. రవీంద్రుడికి అప్పటికింకా 23 ఏళ్లు నిండలేదు. ఆయన తొలి కవితలకు శ్రోతా, విమర్శకురాలూ ఆమే. ఆ దెబ్బ గురించి ఆయన తన జ్ఞాపకాల పుస్తకం 'జీవనస్మృతి'లో ఒక అధ్యాయమే రాశాడు. చెట్టూ నేలా నీరూ, సూర్యుడూ చంద్రుడూ ఎప్పట్లాగే ఉన్నాయి, వాటన్నిటికంటే నిజమనుకున్న మనిషి మాత్రం రెప్పపాటులో లేకుండా పోయింది, ఉన్నదానికీ పోయినదానికీ పొత్తు ఎలా కుదుర్చుకోవాలి, అని అడుగుతాడు. ఆ రోజుల్లో పంచె మీద ముతక దుప్పటి కప్పుకుని, కాళ్లకు మామూలు చెప్పులేసుకుని థాకర్ వాళ్ల పుస్తకాల షాపుకు వెళ్లేవాడట. చలైనా వానైనా మూడో అంతస్తు వరండాలోనే పడుకునేవాడట. లోకం ఏమనుకుంటుందో పట్టని స్థితి అది. అంత శోకంలోనూ మధ్యమధ్య మనసు తేలికపడేదనీ, అందుకు తనకే ఆశ్చర్యమేసేదనీ కూడా అక్కడే రాశాడు. మన వాళ్లు ఆ ఒక్క ముక్కనే కత్తిరించి పట్టుకుపోతున్నారు.

1902 నవంబర్‌లో భార్య మృణాళిని పోయింది. మరుసటి ఏడు కూతురు రేణుక, 1905లో తండ్రి. 1907 నవంబర్‌లో, పదకొండేళ్లు కూడా నిండని చిన్న కొడుకు శమీంద్ర ముంగేర్‌లో కలరాతో పోయాడు. 1918లో పెద్ద కూతురు మాధురీలత. భార్య పోయాక రాసిన కవితలు 'స్మరణ్' సంపుటిలో ఉన్నాయి. అందులో ఒక కవితలో పాత ఉత్తరాలు నాలుగైదు బయటపడతాయి. ఆమె వాటిని ఎవరికీ తెలియకుండా ఇంట్లో దాచుకుందని ఆయనకు అప్పుడే తెలుస్తుంది. అవి ఇప్పుడు ఎవరివి, ఎవరు దాచాలి? ఇంకో కవితలో ఆమె కోసం గదిలో మూలమూలా వెతుకుతాడు, వెళ్లి మళ్లీ తిరిగి వస్తాడు, దొరకదు. ఈ రెండోది ఇంగ్లీషు గీతాంజలిలో 87వది. అందరి ఇళ్లలో ఉండే పుస్తకమే. ఎవరూ ఆ పేజీ తిప్పరు.

ఇక, ఆయన చలించలేదనడానికి అందరూ చూపించే ఉత్తరం సంగతి. శమీ పోయిన మర్నాటి రాత్రి రైల్లో వస్తూ చూస్తే ఆకాశమంతా వెన్నెల, ఎక్కడా ఏదీ తగ్గిన జాడ లేదు, అంతా సమస్తంలోనే ఉంది, తానూ అందులోనే ఉన్నానని మనసు చెప్పిందట. నిజమే, రాశాడు. ఎప్పుడు రాశాడు? 1932లో. అంటే పాతికేళ్ల తర్వాత. ఎవరికి? కూతురు మీరాకు. ఆ ఆగస్టులోనే ఆమె ఒక్కగానొక్క కొడుకు నీతూ జర్మనీలో చనిపోయాడు. తండ్రి తన కూతురికి అందించిన చేయి అది. అందులో కూడా, నా శోకం బిడ్డను వెనక్కి లాగకూడదని ప్రార్థించానంటాడు తప్ప, నాకు శోకమే లేదనడు. పాతికేళ్లకు కుదిరిన ఆ నిబ్బరాన్ని పదో రోజుకే తెచ్చుకోమని ఒక తల్లిని ఎలా అడుగుతాం?

'మరణమా, నువ్వు నా శ్యాముడితో సమానం' అన్నది అందరికీ తెలిసిన మాటే. భానుసింహుడనే మారుపేరుతో, వైష్ణవ పదకర్తల ఫక్కీలో, విరహంలో ఉన్న రాధ నోట పలికించిన కుర్రతనపు పాట అది. కాదంబరి పోయిన రెండేళ్లకు, 1886లో వచ్చిన కవితా సంపుటి 'కడి ఓ కోమల్'లో సొంత గొంతుతో ఏమన్నాడో చూడండి: ఈ అందమైన లోకంలో చావాలని లేదు, మనుషుల మధ్య బతకాలని ఉంది. చివరి ఏడాది కవితలు ఇంకా కఠినం. మంచం మీద నొప్పిని నొప్పిగానే రాశాడు. 1941 జూలై 30న ఆపరేషన్‌కు ముందు చెప్పి రాయించిన ఆఖరి కవితలో, సృష్టి దారినంతా మాయల వలతో కప్పేసిన ఛలనామయిని, అంటే మాయలాడిని, నిలదీస్తూ మొదలుపెడతాడు. ఆగస్టు 7న పోయాడు.

కార్డుకు ఏం ఇస్తానంటే, 'డాక్ ఘర్' నాటకం చివరి మాట ఇస్తాను. జబ్బుపడిన అమల్ అప్పటికి నిద్రలోకి జారుకున్నాడు. పూలమ్మాయి సుధ వస్తుంది. లేచాక వాడికి చెప్పండి, సుధ నిన్ను మరిచిపోలేదని, అంటుంది. ఇది పెడితే ఏడ్చేవాళ్లు తప్పు చేసినవాళ్లలా కనిపించరు.

అపోహ: గీతాంజలి సన్యాసుల పుస్తకం, రిటైరయ్యాక చదవాలి. కాదండీ. 'వైరాగ్య సాధనే ముక్తి, సే ఆమార్ నయ్', వైరాగ్యంతో వచ్చే ముక్తి నాకొద్దు, అన్నది ఆయనే. వేలబంధాల మధ్యే దాని రుచి చూస్తానన్నాడు. 1901 నాటి 'నైవేద్య' సంపుటిలోది ఈ కవిత. ఆ ఏడాదే శాంతినికేతన్‌లో బడి మొదలుపెట్టాడు. అది నడవడానికి భార్య నగలు అమ్మాల్సి వచ్చింది. ఇంగ్లీషు గీతాంజలిలో 11వది తలుపులు మూసుకుని జపమాల తిప్పేవాణ్ని లేపి, గట్టి నేల దున్నేవాడి దగ్గరకూ, రాళ్లు కొట్టేవాడి దగ్గరకూ పంపిస్తుంది. నా స్టూడెంట్లలో చాలామందికి రవీంద్రుడు దగ్గరైంది ఇక్కడే.

అపోహ: 'మనసెక్కడ నిర్భయంగా ఉంటుందో' అన్నది తెల్లవాళ్లను వెళ్లగొట్టే గేయం. ఇదీ 'నైవేద్య'లోదే. చదివి చూడండి, అందులో తెల్లవాడి ఊసే లేదు. తుచ్ఛమైన ఆచారాల ఇసుక మన వివేకపు ప్రవాహాన్ని మింగేస్తోందని బాధ. చివర్లో, తండ్రీ, నీ చేత్తోనే నిర్దయగా కొట్టి ఈ భారతాన్ని మేల్కొలుపు అని వేడుకుంటాడు. 1919లో జలియన్‌వాలాబాగ్ తర్వాత సర్ బిరుదు వదిలేసినవాడే, 1934 బీహార్ భూకంపం అంటరానితనానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీజీ అన్నప్పుడు, అంటరానితనం తప్పే కానీ భూకంపానికి అది కారణం కాదని బహిరంగంగా విభేదించాడు. భయం లేని మనసంటే ఆయన లెక్కలో అది.

జనగణమన జార్జి చక్రవర్తి కోసం రాశాడన్న ఫార్వర్డ్ ఏటా ఆగస్టులో తిరుగుతూనే ఉంటుంది. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్‌లో దీన్ని పాడారు. రాజును పొగుడుతూ అదే సభలో పాడిన హిందీ పాట వేరు, కొన్ని ఇంగ్లీషు పత్రికలు రెండింటినీ కలిపేశాయి. మన మదనపల్లెలో, బీసెంట్ కాలేజీలో 1919లో దాన్ని ఇంగ్లీషు చేసిందీ ఆయనే. యుగయుగాల రథసారథి ఏ జార్జీ కాలేడని 1937లో ఉత్తరం కూడా రాశాడు. ఇంకా అనుమానముంటే పాట మూడో చరణం తీసి చదవండి, ఆ సారథి అక్కడే ఉన్నాడు.