ఉత్తరాంధ్ర చరిత్రలో ఆడవాళ్లు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్ల చరిత్ర రాయడానికి కూర్చున్నవాళ్లు మొదట అనే మాట "ఆధారాలు దొరకడం లేదండీ" అని. చాలాసార్లు ఆధారం ఉంటుంది. వెతికిన జిల్లా వేరు, వెతికిన పేరు వేరు, తెరిచిన పుస్తకం వేరు. అవి సరిచేసుకున్నాక రాయడం దగ్గర మరో రకం పొరపాట్లు మొదలవుతాయి. తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: మన జిల్లా రికార్డుల్లో వాళ్ల ఊసే లేదు.

ముందు, ఆ ఏడాదికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. అంతకుముందు సంగతులకు ఈ పేర్లతో ఫైళ్లు వెతికితే ఏం దొరుకుతుంది? మందసను తీసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చేదాకా అది గంజాం జిల్లా. అక్కణ్ణించి 1950 దాకా విశాఖపట్నం జిల్లా. ఆ తర్వాతే శ్రీకాకుళం. పార్వతీపురానిది ఇంకో దారి: 1950 దాకా విశాఖపట్నం, 1979 దాకా శ్రీకాకుళం, తర్వాత విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. ఒక కాగితం మీద ఊరి పేరు, దాని కింద ఈ జిల్లాలన్నీ సంవత్సరాలతో రాసుకోకుండా ఆర్కైవ్స్ గడప తొక్కితే రోజు వృథా.

వీర గున్నమ్మ విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. సాసుమాన గున్నమ్మ మందస జమీందారీలోని గుడారి రాజమణిపురం ఆవిడ. జమీందారు అడవిలో కలప హక్కు కోసం రైతులు తిరగబడ్డ రోజుల్లో, 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో చనిపోయింది. ఆమె మీద వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. అసలు కాగితాలకు పోవాలంటే 1940 నాటి మద్రాసు ప్రభుత్వ ఫైళ్లలో విశాఖపట్నం జిల్లా కింద చూడాలి. ఆ కాలపు మద్రాసు రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రాష్ట్రాల నుంచి ఢిల్లీకి పదిహేను రోజులకోసారి వెళ్లిన పక్షపు నివేదికలను జాతీయ అభిలేఖాగారం వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. ఆమె పేరుతో వెతక్కండి. పోలీసు నివేదికలో రైతు స్త్రీ పేరు ఉండాలన్న నియమం లేదు. మందస, సోంపేట తాలూకా, కాల్పులు, కిసాన్ అనే మాటలతో, 1940 మార్చి రెండో పక్షం నుంచి మే దాకా తేదీలు పెట్టి వెతకండి. ఆ ఏడాదే అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది కాబట్టి ఆ ప్రాంతం మీద ప్రభుత్వం కన్ను గట్టిగానే ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగులు కనీసం నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి. శ్రీకాకుళం "చికాకోల్" అని ఉంటుంది, మందస ఒక్కోచోట "మంజూష" అని ఉంటుంది.

ఇంకో నిధి రిజిస్ట్రారు ఆఫీసు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన భూమి, మగడు పోయాక అమ్మిన పొలం చెక్క, తమ్ముడికి వదిలేసిన వాటా, అన్నీ అందులోనే. దస్తావేజులో ఆమె పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, చాలావాటిలో వయసు, వృత్తి ఉంటాయి. కింద సంతకమో, వేలిముద్రో, నిశానీయో. బడి రికార్డు లేని ఆడమనిషికి కొన్నిసార్లు ఇదొక్కటే పత్రం. వయసు మాత్రం నమ్మకండి, అది రాతగాడి అంచనా.

అపోహ: శాసనాలంటే రాజుల విజయాలు. ఆడవాళ్లకు అందులో చోటు లేదు.

శ్రీముఖలింగం, శ్రీకూర్మం గోడలు చదివినవాళ్లు ఈ మాట అనరు. గుడికి అఖండదీపం పెట్టినవాళ్లలో రాణులున్నారు, ఉద్యోగుల భార్యలున్నారు, గుడి సేవలో ఉన్న సానులున్నారు. దానం ఇన్ని మాడలు (బంగారు నాణేలు) అని లెక్కతో ఉంటుంది. డబ్బు ఎవరిదో, ఎవరి పుణ్యం కోసం ఇచ్చారో, దీపం ఆరకుండా చూసే పూచీ ఎవరిదో కూడా చాలాచోట్ల చెప్పారు. ఒక స్త్రీ చేతిలో సొమ్ము ఉందని, దాన్ని తన పేరున ఖర్చుపెట్టిందని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకేం కావాలి?

దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటిలో ముఖలింగం, శ్రీకూర్మం పాఠాలున్నాయి, ఆరో సంపుటిలో సింహాచలానివి. పాఠం తెలుగు లిపిలోనే అచ్చయింది కాబట్టి కాస్త ఓపిక ఉన్న ఎవరైనా మొదలుపెట్టొచ్చు. పైన ఇంగ్లీషులో ఉన్న రెండు ముక్కల సారాంశం చూసి వదిలేయకూడదు. అది రాజు పేరు, తేదీ, దానం చెప్పి ఊరుకుంటుంది. దాత తల్లి పేరు, అక్కచెల్లెళ్ల పేర్లు పాఠంలో కింద ఎక్కడో ఉంటాయి. చదరపు కుండలీకరణంలో ఉన్న అక్షరాలు అరిగిపోయినవి, సంపాదకులు పూరించినవి. పేరులో సగం కుండలీకరణంలో ఉంటే మీ వ్యాసంలోనూ అలాగే చూపించండి.

తేదీల దగ్గర రెండు గుంటలున్నాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. భువనేశ్వర్‌లో అనంతవాసుదేవ ఆలయం కట్టించిన గంగవంశపు చంద్రికాదేవి శాసనం శక 1200, అంటే 1278. అయితే పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా పడే తిథులకు 79 కలపాలి. రెండోది అంక సంవత్సరం. గంగరాజుల పాలనా సంవత్సరాలను ఈ పద్ధతిలో లెక్కించేటప్పుడు 1ని, 6ని, ఆపైన 6తోనూ సున్నాతోనూ ముగిసే అంకెలన్నిటినీ వదిలేస్తారు, 10 ఒక్కటి తప్ప. కాబట్టి 25వ అంకం అంటే పాలనలో 21వ ఏడు (1, 6, 16, 20 పోయాయి). దీన్ని చూసుకోకపోతే రాణి దానం తేదీ నాలుగేళ్లు పక్కకు జరిగిపోతుంది, ఒక్కోసారి ఆమెను తప్పు రాజుకు భార్యను చేసేస్తాం.

సాని అనగానే ఇప్పటి తిట్టు గుర్తుకు తెచ్చుకుని ఆ శాసనాలను పక్కన పెట్టేవాళ్లున్నారు. అక్కడ ఆమె భూమి, జీతం, వంతు ఉన్న గుడి ఉద్యోగి. అలాగే చదవాలి.

అపోహ: పేరు తెలిస్తే చాలు, మిగతాది దానంతటదే దొరుకుతుంది.

పేరే పెద్ద చిక్కు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి సోదరి, 1897లో ఆయన పోయాక గురజాడ ఎవరి దగ్గర కార్యదర్శిగా పనిచేశారో ఆవిడ, చాలా పుస్తకాల్లో ఒట్టి "రీవా మహారాణి". అప్పల కొండయాంబ అన్న పేరు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది, అదీ ఒకచోట అప్పలకొండమాంబ అని ఉంటుంది. మూడు రూపాలతోనూ వెతక్కపోతే ఒకే మనిషి ముగ్గురవుతుంది.

సామాన్యుల దగ్గర ఇంకా కష్టం. మన వైపు సింహాచలం అనే పేరు మగవాళ్లకూ ఉంది, ఆడవాళ్లకూ ఉంది. జాబితాలో "సింహాచలం" కనబడగానే మగాడని రాసేయడం మామూలు పొరపాటు. ఒక్క ఊళ్లో పైడమ్మలు, రమణమ్మలు, అప్పలనరసమ్మలు పది మంది ఉంటారు. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, పిలుపు పేరు, ఈ అయిదూ ఒక వరసలో రాసుకుని, వాటిలో మూడైనా కలిస్తేనే ఇద్దరూ ఒకరే అనుకోవాలి.

అసలు పేర్లే లేనిచోట లెక్కలుంటాయి. కన్యాశుల్కం 1897 పీఠికలో గురజాడ ఉదహరించిన పట్టిక చూడండి. ఆనంద గజపతి తయారు చేయించిన ఆ పట్టికలో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు (పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్లు) 1034. పెళ్లినాటికి అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి పేర్లు మనకు రావు. కానీ ఆ సంఖ్యను నాటకానికి నేపథ్యంగా ఒక వాక్యంలో తోసేయకుండా, ఆ పిల్లల గురించే ఒక వ్యాసం రాయడానికి అడ్డేముంది?

అపోహ: ముసలమ్మలను అడిగినా ఏమీ చెప్పరు.

"ఉద్యమంలో మీరేం చేశారు?" అని అడిగితే "నానేటి సేసాన్నమ్మా, వొండి పెట్టీదాన్ని" అన్న జవాబే వస్తుంది. అక్కడితో రికార్డరు ఆపేస్తారు. అసలు ప్రశ్నలు అక్కణ్ణించి మొదలవ్వాలి. ఎంతమందికి వండారు? గింజలు ఎవరింటి నుంచి వచ్చాయి? చోడి అంబలా, అన్నమా? చీకటిలో ఎవరు మోసుకెళ్లారు? పోలీసులు వస్తే సామాను ఎక్కడ దాచారు? పదిహేను మందికి నెలల తరబడి తిండి పెట్టడమంటే గింజలు, కబురు, కాపలా అన్నీ చూడటం. దాన్ని సాయం అని రాయొద్దు, ఆ పనికి ఉన్న పేరుతో రాయండి.

ఇలాంటివాళ్లు సమరయోధుల జాబితాల్లో లేకపోవడానికి కారణం నియమాల్లోనే ఉంది. 1972లో వచ్చిన కేంద్ర పింఛనుకు మామూలు అర్హత కనీసం 6 నెలల జైలు. ఆడవాళ్లకు దాన్ని 3 నెలలకు తగ్గించారు. జైలుకు వెళ్లకుండా ఇంట్లోంచి పనిచేసిన ఆడవాళ్లు ఈ లెక్కలోకి రారు. కాబట్టి "జాబితాలో లేదు" అన్నది "పాల్గొనలేదు" అనడానికి రుజువు కాదు.

పద్ధతి సంగతి: ఫోను విమానం మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేయండి. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఆవిడ పేరు చెప్పండి. ముప్పావుగంట దాటితే మనిషి అలిసిపోతుంది, ఇంకోరోజు వెళ్లండి. కొడుకో మనవడో పక్కన కూర్చుంటే జవాబులు వాళ్లే అందుకుంటారు, అందుకని ఆవిడ పని చేసుకునే చోటనే, చేతిలో చేట ఉన్నప్పుడే మాట్లాడించడం మేలు. ఏ సంవత్సరం అని అడగొద్దు. జమీందారీ పోయిన ముందా తర్వాతా, పెద్ద కొడుకు పుట్టాడా లేదా అని అడిగితే తేదీ దానికదే తేలుతుంది. పాత ఫొటో ఇస్తే 600 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేయండి, పేర్లు వెనకే ఉంటాయి. అసలు ఫొటో ఇంటికి తెచ్చుకోవద్దు.

అపోహ: బొబ్బిలి కథ, పైడితల్లమ్మ కథ చరిత్ర కాదు, లేదా అంతా జరిగినదే.

రెండూ తొందరపాటే. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఆ తర్వాత అన్న, విజయనగరం రాజు విజయరామరాజు చావు కబురు విని పైడితల్లమ్మ పెద్ద చెరువులో ఐక్యమైందని భక్తుల నమ్మకం. దాన్ని నమ్మకంగానే, గౌరవంగా రాయండి. సిరిమాను ఉత్సవంతో పాటు ఆ కథ ఎలా సాగుతూ వచ్చిందన్నది చరిత్రే.

బొబ్బిలి కోటలో ఆడవాళ్ల విషయంలో క్రియాపదం జాగ్రత్త. చాలామంది "ఆత్మాహుతి చేసుకున్నారు" అని రాస్తారు. ఆ తరం ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ చెప్పింది వేరు: శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మనుషులే ఇళ్లకు నిప్పుపెట్టి, బయటికి వచ్చినవాళ్లను పొడిచారని. ఆడవాళ్లు ఒప్పుకుని చనిపోయారా, చంపారా అన్నది చిన్న తేడా కాదు. కథలో బొబ్బిలి రాణి మల్లమ్మ దేవి నోట పలికే మాటలు కథకుడివి. వాటిని ఉదహరించొచ్చు, కానీ "మల్లమ్మ అన్నది" అని కాదు, "బొబ్బిలి కథలో మల్లమ్మ అంటుంది" అని.

అపోహ: "మొట్టమొదటి మహిళ" అని పెడితేనే విలువ.

ఆ మాట పెట్టిన మరుక్షణం చర్చంతా తేదీల మీదికి పోతుంది. విజయనగరం గురజాడ 1910 నాటి దిద్దుబాటు తొలి తెలుగు కథ అని చాలాకాలం చదువుకున్నాం. భండారు అచ్చమాంబ ధనత్రయోదశి 1902లోనే హిందూసుందరిలో వచ్చింది. ఈ సంగతి చెప్పాల్సిందే. కానీ అక్కడితో ఆగితే అచ్చమాంబ కథలో ఏముందో ఎవరూ చదవరు. కథల కోసం శ్రీకాకుళంలోనే కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. ఒక హెచ్చరిక: ఆడ పేరు కనబడగానే రచయిత్రి అనుకోవద్దు. మగవాళ్లు ఆడ పేర్లతో రాసిన కాలం ఒకటుంది, బీనాదేవి అన్నది భార్యాభర్తల ఉమ్మడి పేరు.

అపోహ: బాగా పొగిడితే న్యాయం చేసినట్టు.

పొందూరు ఖద్దరు మీద వచ్చే వ్యాసాల్లో గాంధీగారు ఉంటారు, సంస్థ ఉంటుంది, చివర్లో "మహిళల నైపుణ్యం" అని ఒక ముక్క. ఆ నైపుణ్యం ఏమిటో రాయండి: వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి చెత్త తీయడం, గింజ వేరు చేయడం, ఏకి ఏకులు చుట్టడం, అవి చెదరకుండా అరటి దొప్పలో పెట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు దాటిన సన్న నూలు తీయడం. ఏ మెట్టులో చెయ్యి తప్పితే దారం తెగుతుందో వాళ్లనే అడిగి రాయండి. రోజుకు ఎంత నూలు, చిలపకు (నూలు చుట్టకు) ఎంత కూలి, ఆ డబ్బు ఎవరి చేతికి వస్తుంది, ఇవి లేకుండా వ్యాసం పూర్తికాదు.

వాక్యం రాసేటప్పుడు మూడు రకాలు విడదీయండి: కాగితంలో ఉన్నది, ఎవరో చెప్పినది, మీరు అనుకున్నది. "గున్నమ్మ 1940 ఏప్రిల్ 1 కాల్పుల్లో చనిపోయింది" మొదటి రకం. "ఆడవాళ్లను వెంటబెట్టుకుని పోలీసులకు అడ్డం నిలిచిందని ఊరివాళ్లు చెబుతారు" రెండోది. "ఆమె గుండెలో స్వాతంత్ర్య జ్వాల రగిలింది" మూడోది, కొట్టేయండి. తెలుగు వికీపీడియాలో పెట్టేవాళ్లకు ఇంకో సంగతి: మీరు చేసిన ఇంటర్వ్యూ అక్కడ ఆధారంగా చెల్లదు. ముందు ఏదైనా పత్రికలో అచ్చవ్వాలి.

దేవదాసీ, కళావంతుల కుటుంబాల గురించి రాసేటప్పుడు వారసులు ఇప్పుడు మన మధ్యే, వేరే ఉద్యోగాల్లో, వేరే ఇంటిపేర్లతో ఉన్నారని మర్చిపోవద్దు. పాత శాసనంలోనో అచ్చు పుస్తకంలోనో ఉన్న పేరు రాయొచ్చు. దాన్ని ఇప్పటి ఫలానా ఇంటికి ముడిపెట్టాలంటే ఆ ఇంటివాళ్ల అనుమతి, అదీ రాతలో, కావాలి. వద్దంటే ఆ ముడి వదిలేసి మిగతాది అచ్చువేయండి.