వేళ్లకు తెలిసిన విద్య

పెళ్లిపత్రిక కొట్టించడానికి 2022 వేసవిలో తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ షాపులో రెండు గంటలు కూర్చున్నాను. పెళ్లి మా అమ్మాయిది. ముహూర్తాల రోజులు కావడంతో మాకంటే ముందు మరో నాలుగు పత్రికలు ఉన్నాయి. ఏమీ తోచక, మ్యాటరు కొడుతున్న ఆమె చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. మౌసు పక్కనే ఉంది కానీ చాలాసేపు అది కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన బరువులాగే పడి ఉంది. వరుడి తాతగారి పేరు కింది వరుస నుంచి పై వరుసకు ఎక్కింది, ముహూర్తం లావు అక్షరాల్లోకి మారింది, 'ఆహ్వానించువారు' పేజీ నడిమధ్యకు వచ్చి నిలబడింది. తెర మీద బాణం గుర్తు కదిలితే ఒట్టు.

"ఆ ముహూర్తాన్ని లావు చేయడానికి ఏం నొక్కారమ్మా?" అని అడిగాను.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఒక క్షణం ఆలోచించి, "ఉండండి సార్, నొక్కి చూసి చెబుతాను" అంది. మళ్లీ అదే పని చేసి, తన వేళ్లు ఎక్కడ వాలాయో తనే వంగి చూసుకుని, "కంట్రోల్, షిఫ్టు, బి" అంది. ఆ మూడు కీలను ఆమె రోజూ ఎన్నిసార్లు నొక్కుతుందో లెక్కలేదు. అయినా ఆ సంగతి నోటికి తెలియదు, వేళ్లను అడిగి చెప్పాల్సి వచ్చింది.

ఇది మరుపు కాదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇదే కనిపించింది. వంద మంది చేత టైపు చేయించారు. సగటున నిమిషానికి 72 పదాలు, 94 శాతం కచ్చితంగా కొట్టారు. తర్వాత వాళ్ల ముందు అక్షరాలు లేని కీబోర్డు బొమ్మ పెట్టి, 80 సెకన్లలో ఏ అక్షరం ఎక్కడ ఉంటుందో నింపమన్నారు. 26 అక్షరాల్లో సగటున 15 మాత్రమే సరైన చోట పడ్డాయి. అంత వేగంగా కొట్టినవాళ్లకు మిగిలిన అక్షరాలు ఎక్కడున్నాయో 'తెలియదు'. పూలు కట్టే ఆమెను ముడి ఎలా పడుతుందో చెప్పమంటే ముందు దారం తెమ్మంటుంది. అలాంటిదే ఇదీ.

మన మెదడు సంగతులను ఒకచోట, చేతిపనులను మరోచోట దాచుకుంటుంది. చంద్రగిరి కోట ఎక్కడుంది అంటే మాటల్లో చెప్పగలం. సైకిలు పడిపోకుండా ఎలా తొక్కుతావు అంటే చెప్పలేం, తొక్కి చూపిస్తాం. ఈ రెండో రకం జ్ఞాపకానికి మెదడు లోపలి పొరల్లోని బేసల్ గాంగ్లియా, వెనుక అడుగున ఉండే చిన్నమెదడు ఆధారం. మొదట్లో విడివిడిగా ఉన్న కదలికలు మళ్లీ మళ్లీ చేయగా చేయగా ఒకే మూటగా కట్టుకుంటాయి. కంట్రోల్, సి అనేవి ఆమెకు రెండు కీలు కావు, 'నకలు తీయి' అనే ఒక్క కదలిక. ఇలా మౌసు లేకుండా పని చేయించే కీలను షార్ట్‌కట్లు అంటారు. వాటి జాబితాను గోడకు అంటించుకుని చదివేవాళ్లకు అవి ఎందుకు పట్టుబడవో దీన్నిబట్టి అర్థమవుతుంది. జాబితా సంగతుల గదిలోకి పోతుంది, పని జరగాల్సింది చేతిపనుల గదిలో.

ఇంతకీ షార్ట్‌కట్ వల్ల మిగిలేది ఎంత? దీనికి పాత లెక్క ఒకటి ఉంది. స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు 1980లో కంప్యూటర్ పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి సగటు సమయం కట్టారు. ఓ మోస్తరు టైపిస్టు ఒక కీ నొక్కడానికి 0.2 సెకను. మౌసుతో తెర మీద ఒక చోటికి గురిపెట్టడానికి 1.1 సెకను. చేయి కీబోర్డు నుంచి మౌసుకు మారడానికి 0.4 సెకను. ఇప్పుడు మెనూ తెరిచి 'కాపీ' నొక్కే పనిని లెక్కవేయండి. చేయి వెళ్లడం, మెనూకు గురి, నొక్కు, కాపీకి గురి, నొక్కు, చేయి తిరిగి రావడం, అన్నీ కలిపి 3.4 సెకన్లు. కంట్రోల్ సి అయితే రెండు కీలు, 0.4 సెకను. తేడా మూడు సెకన్లు. రోజుకు రెండు వందల సార్లు చేసేవాళ్లకు పది నిమిషాలు మిగులుతాయి.

నిజం చెప్పాలంటే, ఆ పది నిమిషాలు నన్ను పెద్దగా ఊరించలేదు. అంతకంటే ఎక్కువ సమయం మనం టీ చల్లారబెట్టుకోవడంలోనే పోగొడతాం. నా దృష్టిలో అసలు లాభం కంటిది. మౌసు పట్టుకుంటే చూపు రాస్తున్న పంక్తిని వదిలి పైనున్న మెనూకు పోతుంది, అక్కడ పది మాటల్లో కావలసినదాన్ని వెతుకుతుంది, మళ్లీ కిందికి దిగి వదిలిన చోటును వెతుక్కుంటుంది. ఆ తిరుగుడులో వాక్యం సగం జారిపోతుంది. డీటీపీ షాపులో ఆమె చూపు తెర మీద ముహూర్తం పంక్తిని వదలలేదు. నేను గమనించింది వేగం కంటే ఆ నిలకడనే.

అయితే ఆ ముగ్గురి లెక్కలో ఇంకో అంకె ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఏం చేయాలో మనసులో కూడదీసుకోవడానికి 1.35 సెకను. 'కాపీకి కంట్రోల్ సినా, కంట్రోల్ కెనా' అని తడుముకునేవాడికి ఇది ఒకసారి కాదు, రెండు మూడు సార్లు పడుతుంది. ఆపిల్ సంస్థలో పనిచేసిన బ్రూస్ టోగ్నజ్జినీ ఈ సంగతినే పట్టుకుని, కీబోర్డు వేగం భ్రమ అనీ, గడియారం పెట్టి చూస్తే మౌసే గెలుస్తుందనీ వాదించాడు. గుర్తుతెచ్చుకోవడానికి పట్టే సమయం మనిషికి తెలియకుండానే గడిచిపోతుందన్నది ఆయన మాట. వేళ్లలోకి దిగని షార్ట్‌కట్ విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. దిగినదాని విషయంలో మాత్రం ఆ వాదన నిలవదు. ఏళ్ల తరబడి మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడినవాళ్లను పరిశీలించిన 2005 నాటి ఒక అధ్యయనంలో కీబోర్డు పద్ధతే అన్నిటికంటే వేగమైనదని తేలింది. అదే అధ్యయనంలో అంత అనుభవం ఉన్నవాళ్లు కూడా దాన్ని వాడటం తక్కువేనని బయటపడింది.

ఎందుకు వాడరు? మనకు తెలిసిన దారే కారణం. కొండకు నడిచి వెళ్లేవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే. దూరం తక్కువ, కానీ ఎక్కుడు నిటారు. షార్ట్‌కట్ కూడా అంతే. మొదటి వారం అది మౌసుకంటే ఆలస్యం, పైగా తప్పులు. చేతిలో అర్జెంటు పని ఉన్న మనిషి ఆ వారాన్ని భరించడు, 'ఈసారికి మౌసుతో కానిచ్చేద్దాం' అంటాడు. ఆ 'ఈసారి' ఇరవై ఏళ్లు సాగుతుంది. జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ అనే పరిశోధకులు 1987లోనే దీన్ని ఒక విరోధాభాసగా వర్ణించారు. పని మీద ధ్యాస ఉన్నవాడు పనిముట్టును నేర్చుకోవడానికి ఆగడు, అందువల్ల పనే ఆలస్యమవుతుంది.

నాకు పనిచేసిన ఉపాయం చిన్నది. వారానికి ఒక్కటే నేర్చుకోవడం. ఆ వారమంతా దానికి మాత్రం మౌసు నిషేధం. అది కూడా రోజూ చేసే పని అయితేనే. నెలకోసారి చేసే పనికి షార్ట్‌కట్ నేర్చుకోవడం దండగ, మెనూ ఉన్నదే అందుకు.

ఈ కీలు ఎవరు ఎంచారన్నది మరో కథ. కట్, కాపీ, పేస్ట్ అనే మూడు పనులకు రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు లారీ టెస్లర్. 1970ల నడుమ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో టిమ్ మాట్‌తో కలిసి 'జిప్సీ' అనే రాత ప్రోగ్రాం తయారుచేశాడు. తర్వాత ఆపిల్‌కు వెళ్లి, 1983లో వచ్చిన లీసా కంప్యూటర్‌కు ఎక్స్, సి, వి కీలను ఎంచాడు. సి అంటే కాపీ, అది తేలికే. ఎక్స్ కొట్టివేత గుర్తు. వి విషయమే ముచ్చటైనది. ప్రూఫు దిద్దేవాళ్లు మధ్యలో మాట చేర్చాలంటే పెట్టే గుర్తు ఉంది కదా, చిన్న గోపురంలాంటిది, దాన్ని తలకిందులు చేస్తే వి. ఇవన్నీ కింది వరుసలో ఇరుగుపొరుగు కావడంతో, వాటి పక్కనే ఉన్న జెడ్ చేసిన పనిని రద్దు చేసే కీ అయింది. ప్రూఫు కాగితం మీద ఎర్ర పెన్నుతో రోజూ ఆ గుర్తును చూసే డీటీపీ ఆమెకు ఈ సంగతి చెబితే, "అయితే వి మన గుర్తేనన్న మాట" అని నవ్వింది.

కంట్రోల్ కీ ఇంకా పాతది. 1963లో రూపుదిద్దుకున్న ఆస్కీ సంకేతాల్లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంది. పెద్ద అక్షరం జికి 71, ఎంకు 77. కంట్రోల్ పట్టుకుని అక్షరం నొక్కితే ఆ అంకెలో నుంచి 64 పోతుంది. 71 కాస్తా 7 అవుతుంది, అది టెలిటైపు యంత్రంలో గంట మోగించే ఆజ్ఞ. 77 కాస్తా 13 అవుతుంది, అది అచ్చు పంక్తి మొదటికి తిరిగి రమ్మని చెప్పే ఆజ్ఞ. అంటే షార్ట్‌కట్‌కు ముందు కంట్రోల్ అనేది కాగితం మీద అచ్చు కొట్టే యంత్రాన్ని అదిలించే కర్ర. కంప్యూటర్ మొండికేసినప్పుడు నొక్కే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మాత్రం 1981 నాటి ఐబీఎం పీసీది. డేవిడ్ బ్రాడ్లీ వాటిని కావాలనే దూరదూరంగా ఎంచాడు, పొరపాటున ఒంటిచేత్తో నొక్కకుండా.

తెలుగు రాసేవాళ్లకు షార్ట్‌కట్లు ఇంగ్లీషువాళ్లకంటే ఎక్కువ అక్కర అని నా నమ్మకం, దానికి కారణం మన లిపి. 'శ్రీకాళహస్తి' అనే మాట కంటికి ఐదు అక్షరాలు. కంప్యూటర్లు లిపులను నిలవ చేసుకునే యూనికోడ్ లెక్కలో పన్నెండు సంకేతాలు, ఎందుకంటే శ, పొల్లు, ర, దీర్ఘం అన్నీ విడివిడిగా నిలవ ఉంటాయి. బ్యాక్‌స్పేస్ సాధారణంగా ఈ సంకేతాలను ఒక్కొక్కటిగా తుడుస్తుంది. 'స్తి' మీద మొదటి నొక్కుకు గుడి పోయి 'స్త' మిగులుతుంది, రెండోదానికి పొల్లు పట్టుకున్న 'స్' మిగులుతుంది. కొత్తవాళ్లు ఇది చూసి ఫాంటు చెడిందని కంగారు పడతారు. చెడలేదు, అక్షరం ఎలా కట్టారో అలా విప్పుతోంది. డిలీట్ కీ మాత్రం చాలా ప్రోగ్రాముల్లో కర్సరు ముందున్న అక్షరాన్ని గుణింతంతో, ఒత్తుతో సహా ఒక్క దెబ్బకు తీసేస్తుంది. గుడి ఒక్కటే తప్పయితే బ్యాక్‌స్పేస్, అక్షరమంతా తప్పయితే డిలీట్. మాట మొత్తం తప్పయితే కంట్రోల్ పట్టుకుని బ్యాక్‌స్పేస్, పన్నెండు నొక్కులు ఒక్కటవుతాయి. వాక్యం మధ్యలో ఇంగ్లీషుకు మారాలంటే విండోస్ కీతో స్పేస్‌బార్. ఈ రెండే నేర్చుకున్నా తెలుగు టైపింగులో విసుగు సగం తగ్గుతుంది.

చూపు లేనివాళ్లకు ఇది సౌకర్యం కాదు, ఉన్న ఒకే దారి. బాణం గుర్తు కనపడనివాళ్లకు మౌసుతో ఏం పని? ఇద్దరు చూపులేని ఆస్ట్రేలియన్లు, మైఖేల్ కరన్, జేమ్స్ టే, తీర్చిదిద్దిన ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రాం తెర మీదిది చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. దాన్ని వాడేవాళ్లు కంప్యూటర్ అంతా కీలతోనే తిరుగుతారు.

మళ్లీ పెళ్లిపత్రికల దగ్గరికి. ఆ ఏడాది ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాను విడగొట్టి తిరుపతి జిల్లా చేశారు. కవర్ల మీద వేయడానికి నేను టైపు చేసి పెట్టుకున్న చిరునామాల్లో చంద్రగిరి, రేణిగుంట, శ్రీకాళహస్తి అన్నీ పాత జిల్లాలోనే ఉన్నాయి. అప్పటికి ఆ వారం నా షార్ట్‌కట్ కంట్రోల్ హెచ్, అంటే వెతికి మార్చేది. పై గడిలో 'చిత్తూరు' అని, కింది గడిలో 'తిరుపతి' అని కొట్టి, అన్నీ మార్చమన్నాను. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. నేర్పరినయ్యానని మురిసిపోయి, ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని షాపుకు తెచ్చాను.

ఆమె తెరిచి చదవడం మొదలుపెట్టింది. కుప్పం, పలమనేరు తిరుపతి జిల్లాలోకి వచ్చి చేరాయి. చిత్తూరు టౌనులో ఉండే మా మేనమామ ఇల్లు తిరుపతి బస్టాండు ఎదురుగా వెలిసింది. ఇంకో చుట్టం ఏకంగా తిరుపతి నాగయ్య కళాక్షేత్రం వెనక వీధిలో కాపురం పెట్టాడు.

"కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి వచ్చేస్తాయి సార్" అంది ఆమె. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఏదో అనుమానం వచ్చి నా వైపు తిరిగింది.

"మార్చాక ఇంట్లో ఫైలు మూసేశారా?"