ఉంగరం వెనక పొగ

నాలుగు గ్రాముల ఉంగరం ఒకటి తీసుకుందాం. 18 క్యారట్లది. అంటే అందులో అసలు బంగారం మూడు గ్రాములు, మిగతాది రాగి, వెండి లాంటివి. వేలికి పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. కానీ ఆ మూడు గ్రాములూ కొత్తగా గనిలోంచి వచ్చినవైతే, వాటి కోసం సగటున 90 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసి ఉంటుంది. దాదాపు 40 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు.

ఎందుకంత? కొండను తవ్వి ఎలుకను పట్టడం అని మనం వెటకారంగా అంటాం గానీ, బంగారు గనిలో రోజూ జరిగేది అదే. చాలా గనుల్లో టన్ను రాయి తవ్వితే చేతికొచ్చే బంగారం ఒకటి నుంచి ఐదు గ్రాములే. ఆ రాయిని పేల్చాలి, ఇల్లంత లారీల్లో మోయాలి, ఇనుప గుండ్లు దొర్లే మిల్లుల్లో పిండి చేయాలి, పిండిని సైనైడ్ ద్రావణంలో నానబెట్టి బంగారాన్ని రాబట్టాలి. లారీలు డీజిల్ తాగుతాయి, మిల్లులు కరెంటు మింగుతాయి. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ గని దాదాపు నాలుగు కిలోమీటర్ల లోతు. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మనిషి నిలబడాలంటే పైన మంచు తయారుచేసి, దాన్ని నీళ్లతో కలిపి జావలా గొట్టాల్లో కిందికి పంపాలి. ఆ దేశపు కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుతో పుట్టేదే. బొగ్గు మండించి మంచు చేసి, ఆ మంచు చలవతో బంగారం తవ్వుతున్నారన్నమాట.

ఇక నగల కంపెనీ లెక్కకి వద్దాం. ఇలా గాల్లో కలిసే పొగను, అంటే ఉద్గారాలను, మూడు పద్దుల్లో రాస్తారు. కంపెనీ తాను కాల్చే ఇంధనం స్కోప్ 1. కొనుక్కునే కరెంటు స్కోప్ 2. ముడిసరుకు, రవాణా, ప్యాకింగ్, ఉద్యోగుల ప్రయాణాలు వగైరా అంతా స్కోప్ 3. నగల వ్యాపారంలో పొగంతా దాదాపు ఈ మూడో పద్దులోనే ఉంటుంది. కాబట్టి ‘మా షోరూములన్నీ సోలార్ కరెంటుతోనే నడుస్తున్నాయి’ అని ఏ కంపెనీ అయినా గొప్పగా చెబితే, మంచిదే, కానీ ఇల్లు కాలుతుంటే గుమ్మం ఒక్కటి తడిపినట్టే.

ఈ తిరకాసు తెలుసు గనుకే, కంపెనీల ఉద్గార లక్ష్యాలను పరిశీలించే సంస్థ, 2015లో మొదలైన సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్, ఒక నిబంధన పెట్టింది. మొత్తం ఉద్గారాల్లో స్కోప్ 3 వాటా 40 శాతం దాటితే, దానికీ లక్ష్యం ప్రకటించి తీరాలి. ‘నెట్ జీరో’, అంటే నికరంగా సున్నా ఉద్గారాలు, అనిపించుకోవాలంటే ఉద్గారాలను కనీసం 90 శాతం నిజంగానే తగ్గించాలి, చెట్లు నాటించి చేతులు దులుపుకుంటే కుదరదు. 1837లో న్యూయార్క్‌లో పుట్టిన టిఫనీ అనే నగల కంపెనీ 2040కల్లా అక్కడికి చేరతానంది.

మాట ఇవ్వడం ఒక ఎత్తు, కొలవడం ఇంకో ఎత్తు. సరుకు ఏ గనిదో తెలియనప్పుడు, దానికి పెట్టిన డబ్బును ఒక సగటు అంకెతో హెచ్చవేసి ఉద్గారాలు ఇంత అని రాసే పద్ధతి ఒకటుంది. బంగారం విషయంలో ఇది ఉత్త కాకిలెక్క. నిరుటంత బంగారమే కొన్నా, ధర పెరిగితే కాగితం మీద పొగ కూడా పెరిగిపోతుంది!

అన్నిటికన్నా ఆకర్షణీయమైన దారి పాత బంగారం కరిగించి వాడటం. పండోరా అనే డెన్మార్క్ కంపెనీ, టిఫనీ అంత ఖరీదైనది కాదులెండి, 2025కల్లా వెండి, బంగారం పూర్తిగా రీసైకిల్ చేసినవే కొంటామని 2020లో ప్రకటించి, గడువుకన్నా ముందే మారిపోయింది. కరిగించి శుద్ధి చేసిన బంగారానికి పట్టే ఉద్గారాలు గని బంగారంతో పోలిస్తే వందల రెట్లు తక్కువ. కంపెనీ లెక్కలో పెద్ద తగ్గుదలే. గాల్లోనో? నా అనుమానమంతా ఇక్కడే. ప్లాస్టిక్ సీసాలా బంగారాన్ని ఎవరూ చెత్తకుండీలో పారేయరు. మనిషి ఇంతవరకూ తవ్విన రెండు లక్షల టన్నుల పైచిలుకు బంగారంలో చాలా భాగం ఏదో ఒక రూపంలో ఇంకా మన మధ్యే ఉంది. పాత నగ ఎలాగూ కరుగుతుంది. ఆ ముద్దను ఒక కంపెనీ ఎగరేసుకుపోతే, పక్క కంపెనీ గని బంగారం కొంటుంది. పొగ ఒకరి పద్దు నుంచి ఇంకొకరి పద్దుకి మారిందంతే. గనుల్లో తవ్వకం తగ్గితే తప్ప ఆ తగ్గుదల ఆకాశానికి తెలియదు.

అందుకే నాకు షోరూమ్ కబుర్ల కన్నా గని కబుర్లే ముఖ్యమనిపిస్తాయి. కెనడా ఉత్తరాన డయావిక్ వజ్రాల గని ఉంది. అక్కడికి పక్కా రోడ్డు లేదు. చలికాలంలో చెరువులు గడ్డకట్టాక, ఆ మంచు మీదుగా సుమారు రెండు నెలలు లారీలు నడిచేవి. ఏడాదికి సరిపడా డీజిల్ ఆ కాస్త వ్యవధిలోనే చేర్చాల్సి వచ్చేది. 2006లో చలి సరిగా పడక ఆ దారి ముందే మూతపడింది, మిగిలిన సరుకుల్ని విమానాల్లో మోయాల్సి వచ్చింది. 2012లో గని దగ్గర నాలుగు గాలిమరలు నిలబెట్టారు. మంచు పేరుకోకుండా వాటి రెక్కలను వేడి చేసే ఏర్పాటు కూడా పెట్టారు. అవి తిరిగినంతసేపూ, అంతమేర డీజిల్ ఆ మంచు దారిన రానక్కర్లేకపోయింది.