ముప్పై మిల్లీగ్రాముల వెనుక నూరేళ్ల పరిశోధన

విశాఖపట్నంలో రాత్రిపూట బీచ్ రోడ్డు మీదనో, మద్దిలపాలెం కూడలిలోనో ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి బ్రీత్ ఎనలైజర్ గొట్టాన్ని నోటికి అందించినప్పుడు తరచుగా వినిపించే వాదన ఒకటుంది: ‘నేను తూలడం లేదు కదా సార్, నిటారుగానే ఉన్నాను కదా.’ చట్టం మాత్రం తూలుతున్నారా లేదా అని చూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి పట్టుబడినవారికి పదివేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. నిటారుగా నిలబడగలిగిన మనిషి మెదడులో కూడా అప్పటికే మార్పు మొదలై ఉంటుందన్న ఎరుక ఈ అంకె వెనుక ఉంది. ఆ ఎరుక రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

మద్యం మీద చర్చ ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో భాగంగా విశాఖ జిల్లా మద్యనిషేధాన్ని చూసింది. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు మంత్రివర్గం ఈ విషయం మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఇన్ని దశాబ్దాల వాదోపవాదాల్లో కుటుంబాల కష్టం, ఖజానా ఆదాయం ప్రస్తావనకు వచ్చినంతగా మెదడు ప్రస్తావనకు రాలేదు. నాకు అది పెద్ద లోటుగానే తోస్తుంది.

శాస్త్రవేత్తలు కూడా తొలినాళ్లలో మత్తును మెదడంతటికీ ఒకేలా కమ్ముకునే మొద్దుబారుదనంగానే భావించారు. 1899లో హాన్స్ మేయర్, 1901లో చార్లెస్ ఓవర్టన్ వేర్వేరుగా ఒక విషయం గమనించారు: నూనెలో ఎంత తేలికగా కరిగితే ఆ పదార్థానికి అంత మత్తు కలిగించే శక్తి ఉంటుంది. మత్తు పదార్థాలు నాడీకణాల కొవ్వుపొరలో చేరి దాన్ని సడలిస్తాయని, అదే మత్తుకు కారణమని తరువాతివారు నమ్మారు. ఆ నమ్మకం ఎనభై ఏళ్లకు పైగా నిలిచింది. 1984లో లండన్‌లో నికొలస్ ఫ్రాంక్స్, విలియం లీబ్ అనే పరిశోధకులు మిణుగురు పురుగు వెలుగుకు కారణమైన ప్రోటీన్‌ను కొవ్వు లేకుండా వేరుచేసి, మత్తుమందులు నేరుగా దానిమీదనే పనిచేస్తాయని చూపడంతో పరిశోధన ప్రోటీన్ల వైపు మళ్లింది.

వెతకవలసిన ప్రోటీన్లలో ఒకటి అప్పటికే సిద్ధంగా ఉంది. 1950లో యూజీన్ రాబర్ట్స్ తదితరులు మెదడులో ‘గాబా’ అనే రసాయనాన్ని గుర్తించారు. నాడీకణాల ఉద్రేకాన్ని అణచేది ఇదే. గాబా తన గ్రాహకానికి, అంటే దాన్ని అందుకునే కణం మీది ప్రోటీన్‌కు, అతుక్కుంటే క్లోరైడ్ అయాన్లు కణంలోకి ప్రవేశించి దాన్ని నెమ్మదింపజేస్తాయి. ఆల్కహాల్ ఈ ప్రవాహాన్ని పెంచుతుందని 1986లో ఎలుకల మెదడు కణజాలంపై జరిగిన ప్రయోగాలు చూపాయి. రోష్ కంపెనీ తయారుచేసిన ఆర్‌వో 15-4513 అనే పదార్థం ఇస్తే తాగిన ఎలుకల్లో మత్తు లక్షణాలు తగ్గిపోయాయి, రక్తంలో ఆల్కహాల్ మాత్రం అలాగే ఉంది. మత్తు దిగే మాత్ర వచ్చేసిందన్న ఆశ కలిగింది గాని, అది మూర్ఛలకు దారితీయగలదు, ప్రాణాంతకమైన మోతాదు నుంచి కాపాడలేదు. మనిషి మత్తు తెలియక ఇంకా తాగే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల అది మందుల దుకాణానికి చేరలేదు.

1989లో మరో సగం కథ బయటపడింది. గ్లూటమేట్ అనే రసాయనం నాడీకణాలను ఉత్తేజపరుస్తుంది, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి దాని ఎన్‌ఎండీఏ గ్రాహకం అవసరం. డేవిడ్ లోవింజర్ బృందం జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ కణాలపై ఆల్కహాల్ ప్రయోగించి, 5 నుంచి 50 మిల్లీమోలార్ గాఢతల్లో ఈ గ్రాహకం గుండా సాగే విద్యుత్ ప్రవాహం క్రమంగా తగ్గుతున్నట్టు చూపింది. మన చట్టం చెప్పే 30 మిల్లీగ్రాములను ఆ కొలమానంలోకి మారిస్తే సుమారు 6.5 వస్తుంది. అంటే పోలీసు పరికరం మీద కనిపించే ఆ అంకె, గ్రాహకం మందగించడం మొదలైన పరిధిలోనే ఉంది. తాగినవారు రాత్రి చక్కగా మాట్లాడి, డబ్బు లెక్కపెట్టి, ఇల్లు చేరి, తెల్లవారాక అదేదీ గుర్తులేదనడం అబద్ధమే కానక్కరలేదు. మోతాదు బాగా పెరిగినప్పుడు ఆ గంటల్లో మెదడు జ్ఞాపకాన్ని నమోదే చేయదు.

హుషారు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 1988లో ఇటలీలో డి కియారా, ఇంపెరాటో చేసిన ప్రయోగాలు ఆల్కహాల్ వల్ల ఎలుకల మెదడులోని న్యూక్లియస్ అక్యుంబెన్స్ భాగంలో హుషారుతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం పెరుగుతుందని తేల్చాయి. మొదటి గ్లాసు తరువాత మాటలు పెరగడానికి, రెండో గ్లాసు వైపు చేయి సాగడానికి ఇదొక కారణం.

ఇక కొలతల విషయం. స్వీడన్‌కు చెందిన ఎరిక్ విడ్మార్క్ 1932 నాటికే తాగిన మోతాదు, శరీర బరువు, గడిచిన సమయాన్ని బట్టి రక్తంలో ఆల్కహాల్‌ను లెక్కించే సూత్రం ఇచ్చాడు. 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ శ్వాసను పరీక్షించే యంత్రం చేశాడు. ఆ సూత్రాన్ని మన వైన్ షాపు క్వార్టర్‌కు అన్వయించి చూడండి. 180 మిల్లీలీటర్ల సీసాలో, 42.8 శాతం లెక్కన, దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అరవై కిలోల పురుషుడు దాన్ని త్వరగా ముగిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 140 మిల్లీగ్రాముల దాకా చేరవచ్చు. కాలేయం గంటకు తగ్గించేది సుమారు 15 మిల్లీగ్రాములు. రాత్రి పది, పదకొండు గంటలకు సీసా ముగించి పొద్దున్నే ఆరు గంటల షిఫ్టుకు హార్బరు వైపో, ఉక్కు కర్మాగారం వైపో బండి మీద బయలుదేరిన కార్మికుడు నిద్ర లేచాడు గాబట్టి మత్తు దిగిందనుకుంటాడు. అతడి రక్తంలో అప్పటికింకా చట్టం అనుమతించని మోతాదు మిగిలి ఉండవచ్చు. స్నానం, కాఫీ, మజ్జిగ కాలేయం వేగాన్ని పెంచవు.

రోజూ తాగేవారి విషయంలో చిక్కు ఇంకొకటి. నిత్యం అణచివేతకు గురయ్యే మెదడు సమతూకం కోసం గాబా స్పందనను తగ్గించుకుని, గ్లూటమేట్ గ్రాహకాలను పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే అణచేది పోయి, ఉత్తేజం మాత్రం మిగులుతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, తీవ్రమైతే మూర్ఛలు, లేనివి కనిపించడం దాని ఫలితాలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి రోగులు పెద్ద సంఖ్యలో రావడం అందరూ చూసిందే. వైద్యులు వీరికి సాధారణంగా గాబా గ్రాహకం మీదనే పనిచేసే బెంజోడయజెపైన్ మందులను, క్రమంగా తగ్గించే మోతాదుల్లో, విటమిన్ బీ1తో పాటు ఇస్తారు. అందువల్ల రోజూ తాగే మనిషి మానేయాలని నిర్ణయించుకుంటే, ఇంట్లోవారు గదిలో పెట్టి తాళం వేయడం కన్నా విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో మొదటి రోజే తీసుకువెళ్లడం మేలు, ఎందుకంటే మూర్ఛలు వచ్చే ప్రమాదం చివరి గ్లాసు తరువాతి రెండు రోజుల్లోనే ఎక్కువ.