కొమ్ముకి మూడు కొమ్మలుంటేనే కాల్చాలి

పిట్స్‌బర్గ్ దగ్గరికి మారిన మొదటి సంవత్సరం, నవంబర్ చివర్లో థ్యాంక్స్‌గివింగ్ సెలవులైపోయి సోమవారం ఆఫీసుకెళ్తే సగం కుర్చీలు ఖాళీ. ఏదో జ్వరం తిరుగుతోందేమో అనుకున్నా. రెండ్రోజుల తర్వాత పక్క సీటు పెద్దాయన వచ్చి, ఏంటి నీకు తెలీదా, సోమవారం బక్ సీజన్ ఓపెనింగ్ కదా, మగ జింకల వేట మొదలు అన్నాడు. చాలా ఊళ్ళలో స్కూళ్ళు కూడా సెలవిచ్చేస్తారట. మన దగ్గర సంక్రాంతికి భీమవరం వైపు పందేలకి జనం ఎలా ఖాళీ అయిపోతారో అలా పెన్సిల్వేనియా మొత్తం ఆరెంజ్ జాకెట్లేసుకుని అడవిలోకి పోతుంది అన్నమాట.

నేను వేటగాడ్ని కాదు, తుపాకీ పట్టుకున్నదీ లేదు. కానీ ఆయన పక్కన కూర్చుని అన్నేళ్ళు లంచ్ చేసేసరికి ఈ జనం దేని గురించి కొట్టుకుంటారో మాత్రం బాగా తెలిసింది. గొడవలు రెండే. ఏ జింకని కాల్చాలి అన్నది ఒకటి, ఏ రోజు నుంచి కాల్చాలి అన్నది రెండోది. రెండింట్లోనూ అందరూ సైన్స్ సైన్స్ అంటారు, తీరా చూస్తే మొదటి దాంట్లో సైన్స్ సగం, రెండో దాంట్లో దాదాపు లేదు.

ముందు కొమ్ము సంగతి. మనం ఆవు కొమ్ము, మేక కొమ్ము, జింక కొమ్ము అన్నిటికీ ఒకటే మాట వాడతాం గానీ అవి ఒకటి కావు. ఆవుకీ, మన కృష్ణజింకకీ ఉండేది లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు, పుట్టాక జీవితాంతం అదే. దుప్పికీ, కణుజుకీ, ఇక్కడి తెల్లతోక జింకకీ ఉండేది మొత్తం ఎముకే, పైగా ఏటా రాలిపోయి మళ్ళీ మొదటినుంచి మొలుస్తుంది. ఏప్రిల్ ప్రాంతంలో మొదలై ఆగస్టు కల్లా పూర్తవుతుంది, ఈ నాలుగైదు నెలలూ దాని మీద మెత్తటి నూగు చర్మం, అందులో రక్తనాళాలు, నరాలు అన్నీ ఉంటాయి, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. పాలిచ్చే జంతువుల్లో ఇంత వేగంగా పెరిగే కణజాలం ఇంకోటి లేదు. తిండిలో వచ్చే కాల్షియం చాలక ఒంట్లో పక్కటెముకల నుంచి కూడా లాక్కుంటుంది, అంటే ఎండాకాలం అంతా మగ జింకకి ఒకరకంగా ఎముకలు గుల్లబారే జబ్బు వచ్చి పోతుందన్నమాట. వేసవి చివర్లో టెస్టోస్టిరాన్ పెరగగానే కొమ్ము గట్టిపడుతుంది, రక్తం ఆగిపోతుంది, సెప్టెంబర్ మొదట్లో చెట్లకి రుద్ది ఆ తోలు ఊడగొట్టుకుంటుంది. జతకట్టే కాలం అయ్యాక ఆ హార్మోన్ పడిపోతుంది, పుర్రెకి కొమ్ము అతుక్కున్న చోట ఎముకని కరిగించే కణాలు పనికి దిగుతాయి, ఓ రోజు అది టప్ మని కింద పడుతుంది.

ఆ కొమ్ముకి ఎన్ని కొమ్మలు వచ్చాయి అన్నదే ఇక్కడ చట్టం. తెలుగులో ఈ రెండు మాటలూ భలే కుదిరాయి, ఇంగ్లీషోళ్ళు పాయింట్ అంటారు, నేను కొమ్మ అనే అంటా.

2002 ముందు పెన్సిల్వేనియాలో రూల్ చాలా సులువు, మూడంగుళాల కొమ్ము కనపడితే చాలు కాల్చొచ్చు. దాంతో ఏమయ్యేదంటే, ఏటా చచ్చే మగ జింకల్లో 80 శాతానికి పైగా ఏడాదిన్నర వయసువే, అంటే తల మీద మొదటి జత కొమ్ములు మొలిచిన ఆ మొదటి శీతాకాలమే ఆఖరిది కూడా. అడవిలో పెద్ద మగ జింక అంటే అదో వింత. 2002లో రాష్ట్రంలో వేట వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ కొత్త రూల్ తెచ్చింది, రాష్ట్రంలో ఎక్కువ భాగంలో ఒక వైపు కొమ్ముకి కనీసం 3 కొమ్మలుండాలి, పడమటి వైపు 4. పడమట ఎందుకు ఎక్కువ అంటే అక్కడ పొలాలు, మొక్కజొన్న, సోయా, తిండికి లోటు లేదు, ఏడాదిన్నర కుర్రదానికే కొమ్మలు ఎక్కువొస్తాయి. ఉత్తరాన పోటర్, మెకీన్ కౌంటీల కొండ అడవుల్లో అదే వయసు జింకకి రెండు పుల్లల్లా సన్నటి కొమ్ములే ఉంటాయి. లక్ష్యం ఏంటంటే ఏడాదిన్నర మగవాటిలో కనీసం సగమన్నా ఆ సీజన్ దాటి బతకాలి.

ఇక్కడ అసలు విషయం గమనించండి, వాళ్ళు కాపాడాలనుకున్నది వయసుని, లెక్కపెడుతున్నది కొమ్మల్ని. అడవిలో తెల్లవారుజామున వంద గజాల దూరంలో పొదల వెనక నిలబడ్డ జింకకి ఆధార్ కార్డ్ అడగలేం కదా. కచ్చితంగా వయసు తెలియాలంటే దవడ చూడాలి. కింది దవడలో మూడో చిన్న దవడ పన్ను (ప్రీమోలార్) పాలపన్ను అయితే దానికి మూడు గుబ్బలుంటాయి, అది ఊడి వచ్చే అసలు పన్నుకి రెండే. ఏడాదిన్నర ప్రాంతంలోనే ఈ మార్పు జరుగుతుంది. గేమ్ కమిషన్ వాళ్ళు సీజన్‌లో మాంసం కొట్టే షాపులకెళ్ళి వేల తలల పళ్ళు చూసి లెక్క రాసుకుంటారు. కానీ అదంతా చచ్చాక తెలిసే వయసు, బతికుండగా కనపడేది కొమ్ములే.

అయితే ఈ కొలబద్దకో చిక్కుంది. ఒకే ఏడు పుట్టిన రెండు జింకలుంటే, బాగా తిని ముందు పుట్టి ఆరు ఎనిమిది కొమ్మలు వేసిన చురుకైనది తుపాకీకి దొరుకుతుంది, పుల్లల కొమ్ములది బతికిపోతుంది. క్లాసులో ఫస్ట్ వచ్చినోడికే దెబ్బలు పడ్డట్టు. మిసిసిపీలో 1995లో నాలుగు కొమ్మల రూల్ పెట్టారు, కొన్నేళ్ళకి పరిశోధకులు చూస్తే కొన్ని ప్రాంతాల్లో రెండున్నర, మూడున్నర ఏళ్ళ జింకల కొమ్ములు సైజు పెరగకపోగా తగ్గాయి. మంచివి కుర్రతనంలోనే పోయి, బలహీనమైనవి మిగిలి పెద్దవయ్యాయి అంతే. తర్వాత వాళ్ళు కొమ్మల లెక్క మానేసి కొమ్ముల మధ్య వెడల్పుకి, కొమ్ము పొడవుకి మారారు. టెక్సస్‌లో కూడా 2002లో ఆరు కౌంటీల్లో మొదలుపెట్టి, రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలుండాలి అన్నారు. 13 ఎందుకంటే జింక చెవులు నిక్కబొడుచుకుంటే ఇంచుమించు అంత వెడల్పు ఉంటుంది, కొమ్ములు చెవుల బయటకి వచ్చాయా లేదా చూస్తే చాలు. నాకైతే కొమ్మలు లెక్కపెట్టడం కన్నా ఇదే తెలివైన కొలత అనిపిస్తుంది, కుర్రజింకకి కొమ్మలు ఎన్నైనా రావచ్చు గానీ వెడల్పు రావడం కష్టం. పెన్సిల్వేనియా కూడా 2011లో పడమటి రూల్‌ని కాస్త సవరించింది, నుదుటి దగ్గర మొలిచే పొట్టి కొమ్మని వదిలేసి పైన మూడు లెక్కపెట్టుకోమంది, ఆ కింది కొమ్మ జుట్టులో, పొదల్లో సరిగ్గా కనపడదు కాబట్టి.

పుల్లల కొమ్ములది జన్మలో బాగుపడదు, దాని రక్తమే అంత అనే మాట వేటగాళ్ళలో ఇప్పటికీ గట్టిగా ఉంది. నిజం కాదు. మొదటి ఏడు ఒళ్ళు పెరగడానికే తిండి సరిపోదు, కొమ్ముకి మిగిలేది తక్కువ. ఆలస్యంగా పుట్టినా, తల్లికి పాలు చాలకపోయినా పుల్లలే వస్తాయి. ఐదారేళ్ళకి గానీ కొమ్ము పూర్తి సైజుకి రాదు. పోనీ మంచి రక్తం ఏరుదాం అన్నా సగం తల్లి నుంచి వస్తుంది, తల్లికేమో కొమ్ములే ఉండవు, ఇంక ఏం చూసి ఏరతారు. పైగా కవల పిల్లలకి ఒక్కోసారి తండ్రులు వేరు వేరు.

ఇంత గందరగోళం ఉన్న రూల్ ఎందుకు తెచ్చారు అంటే దానికి వందేళ్ళ కథ ఉంది. 1900 నాటికి ఇక్కడ జింకలు దాదాపు అయిపోయాయి, వేటాడి తినేశారు, అడవులు నరికేశారు. 1906లో మిషిగన్ నుంచి జింకల్ని తెచ్చి వదిలారు, 1907లో ఆడవాటిని కాల్చకూడదని చట్టం చేశారు. అది భలే పనిచేసింది, ఎంతగా అంటే ఇంకో ఇరవై ఏళ్ళకే జింకలు అడవిని మేసేయడం మొదలెట్టాయి. కానీ ఆడజింకని కాలిస్తే పాపం అన్న మాట తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి దిగిపోయింది. జింకలు ఎక్కువైన అడవిలో వాటి నోటికి అందే ఎత్తు వరకూ మొలకలుండవు, ఓక్ పిల్ల కనపడదు, జింకలు ముట్టని ఫెర్న్ మొక్కలే తివాచీలా పరుచుకుంటాయి, ఆ మధ్య ఎత్తులో గూళ్ళు కట్టే పిట్టలు కూడా పోతాయి. అలెఘెనీ అడవిలో కంచెలు కట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో లెక్కన జింకల్ని పెట్టి పదేళ్ళు చూసిన ప్రయోగంలో ఇదంతా తేలింది.

సంఖ్య తగ్గాలంటే చంపాల్సింది ఆడవాటిని, ఒక మగది చాలా ఆడవాటితో జతకడుతుంది కాబట్టి మగవాటిని ఎన్ని కాల్చినా పిల్లలు ఆగవు. ఈ మాట ఊరూరా తిరిగి చెప్పిన మనిషి గ్యారీ ఆల్ట్. అంతకుముందు ఎలుగుబంట్ల మీద పనిచేసి జనంలో మంచి పేరు తెచ్చుకున్నాడు, 1999లో జింకల బాధ్యత ఇచ్చారు. హాళ్ళలో వందల మంది ముందు నిలబడి చెప్పేవాడు, బెదిరింపులొచ్చి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి. ఆడవాటిని ఎక్కువ కాల్చండి, కుర్ర మగవాటిని వదిలేయండి, మీకు పెద్ద కొమ్ములు చూపిస్తా, ఇదీ బేరం. నా ఉద్దేశంలో కొమ్మల రూల్ అసలు పని ఇదే, చేదు మందు మింగించడానికి బెల్లం ముక్క. 2001లో 2 లక్షలకి పైగా మగవి పడితే 2002లో సుమారు 1 లక్షా 65 వేలకి తగ్గాయి, మగవి, ఆడవి, పిల్లలు అన్నీ కలిపి మొత్తం మాత్రం 5 లక్షల 17 వేలు దాటి రికార్డు. తర్వాత కొన్నేళ్ళకి అడవిలో జింక కనపడటం తగ్గింది, ఇంకేముంది, తిట్లు మొదలు. ఆల్ట్ 2004 చివర్లో ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు పడే మగవాటిలో 60 శాతానికి పైగా రెండున్నర ఏళ్ళు దాటినవి. బేరంలో ఆయన మాట నిలబడింది, మనిషి నిలబడలేదు.

మా పెద్దాయన మాత్రం ఇప్పటికీ, నేను వదిలేస్తే పక్క పొలం వాడు కాలుస్తాడు అంటాడు. ఆయనది మరీ తప్పేం కాదు, కుర్ర మగ జింకలు చాలా వరకు ఏడాది దాటగానే పుట్టిన చోటు వదిలి మైళ్ళు నడిచి వేరే చోట స్థిరపడతాయి. అందుకే ఒకడు స్వచ్ఛందంగా వదిలేస్తే లాభం లేదు, రూల్ అందరికీ ఉండాలి. పిల్లలకి మాత్రం మినహాయింపు, జూనియర్ లైసెన్స్ వాళ్ళు పుల్లల కొమ్ములదాన్ని కూడా కాల్చొచ్చు.

ఇప్పుడు రోజు సంగతి. 1963 నుంచి రైఫిల్ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారమే. 2019లో దాన్ని శనివారానికి జరిపారు. ఎంత గొడవ అయిందో చెప్పలేను. జరిపితే జతకట్టే కాలం చెడుతుందని ఒకరు, చలి ముందొస్తే అవి ముందే జతకడతాయని ఇంకొకరు, పౌర్ణమి లెక్కలు చెప్పేవాళ్ళు వేరే. జింకకి ఇవేవీ పట్టవు. పగలు తగ్గుతూ వస్తుంటే కంట్లోంచి మెదడుకి అందే కబురే దాని పంచాంగం. పెన్సిల్వేనియాలో ఆడవి ఎక్కువగా నవంబర్ మధ్యలో కడతాయి, ఇంచుమించు 200 రోజులకి మే చివర్లో, జూన్‌లో ఈనతాయి, గడ్డి పచ్చగా ఉన్నప్పుడు. సోమవారమైనా శనివారమైనా రైఫిల్ పేలేసరికి ఆ తతంగం చాలా వరకు అయిపోయి ఉంటుంది. మన నల్లమల దుప్పిని చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, అక్కడ పగటి పొడవు అంతగా మారదు, పిల్ల ఏ నెలలో పుట్టినా చలికి చావదు, అందుకే ఒకే మందలో ఒకదానికి నూగు కొమ్ము, ఇంకోదానికి గట్టి కొమ్ము, మరోదానికి బోడి తల ఒకేసారి కనపడతాయి. అక్కడ పెన్సిల్వేనియాలా కొమ్ముల సీజన్ పెడదామన్నా కుదరదు, 1972 వన్యప్రాణి చట్టంతో వేటే లేదనుకోండి.

మరి శనివారం గొడవ ఎవరిది అంటే మనుషులదే. సోమవారం సెలవు దొరకని ఉద్యోగస్తులు, వేరే ఊళ్ళో కాలేజీలో ఉన్న పిల్లలు శనివారం కావాలన్నారు. లైసెన్సులు 1980ల్లో 12 లక్షలు దాటి, తర్వాత తగ్గి తగ్గి 9 లక్షల లోపుకి వచ్చాయి, కొత్తవాళ్ళు రావాలి కదా. అటువైపు, శని ఆదివారాలు క్యాబిన్‌కి వెళ్ళి పొయ్యి రాజేసుకుని, సామాన్లు కొనుక్కుని, ముసలాళ్ళ కథలు వింటూ గడపడమే అసలు పండగ, వేట దాని తర్వాత అనేవాళ్ళు. కొండ ఊళ్ళలో ఆ రెండ్రోజుల అమ్మకాల మీదే ఏడాది గడిపే షాపులు కూడా ఉన్నాయి. మా పెద్దాయన ఈ రెండో బ్యాచ్. ఇప్పటికీ సోమవారం కూడా సెలవు పెడతాడు, అలవాటు.

కొత్తగా ఇంకో తలనొప్పి వచ్చింది, మ్యాడ్ కౌ జాతికి చెందిన ఒక జబ్బు, మెదడుని తినేస్తుంది, మందు లేదు. ఈ రాష్ట్రంలో 2012లో బయటపడింది. పెద్ద వయసు మగవాటిలో ఎక్కువ కనపడుతుంది, అవి తిరుగుతాయి కూడా ఎక్కువ. మిస్సోరీలో జబ్బు దొరికిన కౌంటీల్లో కొమ్మల రూల్ తీసేశారు. అంటే పెద్దవి మిగలాలని పెట్టిన రూలే జబ్బుకి నీడ ఇస్తోందన్నమాట. దీనికి నా దగ్గర జవాబు లేదు, మా పెద్దాయన ఇచ్చిన సాసేజ్ అల్లం వెల్లుల్లి వేసి వేపుకుని తినే ముందు మాత్రం టెస్ట్ చేయించావా అని అడుగుతున్నా.

క్రిస్మస్ అయ్యాక డిసెంబర్ 26 నుంచి జనవరిలోకి పాతకాలం చెకుముకి తుపాకీల సీజన్ ఒకటుంటుంది. అప్పటికి కొన్ని మగవాటికి కొమ్ములు రాలిపోయి ఉంటాయి. చట్టంలో ఆడది మగది అని ఉండదు, కొమ్ములున్నది, లేనిది అనే ఉంటుంది. అక్టోబర్‌లో ఎనిమిది కొమ్మలతో ఊరంతా వెతికిన జింక జనవరిలో బోడి తలతో మా పెరట్లో హోస్టా మొక్కల మొదళ్ళు తవ్వుకుంటుంటే, రికార్డుల్లో అది కొమ్ములు లేని జింక, ఆడవాటి లెక్కలోనే పడుతుంది.