కప్పట్రాళ్ల గొడవకు వేరు కొట్టాల టెయిల్‌పాండ్‌లో ఉంది

కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల పేరు వినిపించినప్పుడల్లా అధికారుల నుంచి వచ్చే జవాబు ఒకటే: ‘ఇది తవ్వకం కాదు, అన్వేషణ మాత్రమే’. 2024 చివర్లో అక్కడి రిజర్వు అడవిలో 68 బోర్లు వేసి యురేనియం ఉందో లేదో చూస్తామన్న ప్రతిపాదన బయటికి రాగానే చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. బోర్లు వేయబోమని జిల్లా కలెక్టరు చెప్పాక గొడవ సద్దుమణిగింది. నమ్మకం మాత్రం కుదరలేదు.

అన్వేషణ బోరు వల్ల ఊరికి ఊరు రోగాల పాలవుతుందనే మాటలో పస లేదు. అది సన్నటి కన్నం, రాతి నమూనా తీసి చూస్తారు, అంతే. అయితే ఊళ్లవాళ్లు భయపడుతున్నది ఆ కన్నానికి కాదు, దాని తర్వాత వచ్చేదానికి. అది ఎలా ఉంటుందో చూడటానికి వాళ్లు చెర్నోబిల్ దాకా పోనక్కర్లేదు. పులివెందుల దగ్గర వేముల మండలంలో యురేనియం గని, మిల్లు ఉన్న తుమ్మలపల్లె ఉంది.

తుమ్మలపల్లె కథను సాధారణంగా 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేసిన శంకుస్థాపనతో మొదలుపెడతారు. భూముల పరిహారం, ఇంటికో ఉద్యోగం, 2012లో ఉత్పత్తి, దేశంలోకెల్లా పెద్ద నిల్వ అన్న ప్రకటనలు అందరికీ తెలిసినవే. నా లెక్కలో అసలు మలుపు వాటిలో లేదు. ఏ రసాయనంతో ఆ రాయిని కరిగించాలో తేల్చుకున్న చోట ఉంది.

జార్ఖండ్‌లోని జాదూగూడలో యురేనియం రాయిని గంధకామ్లంతో కరిగిస్తారు. ప్రపంచంలో చాలాచోట్ల జరిగేదీ అదే. తుమ్మలపల్లె రాయి వేరు. అది వేంపల్లె పొరల్లోని డోలమైటు, అంటే సున్నపురాయి జాతి. దాని మీద ఆమ్లం పోస్తే నురగలు కక్కుతూ ఆమ్లాన్నంతా రాయే తాగేస్తుంది. ఖర్చు తడిసి మోపెడవుతుంది. 1980ల్లోనే ఇక్కడ యురేనియం ఉందని తెలిసినా రెండు దశాబ్దాలు కాగితాల మీదే ఉండిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం క్షార పద్ధతిని సిద్ధం చేసింది. రాయిని పిండిచేసి, సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు కలిపిన నీళ్లలో, ఆక్సిజన్ ఎక్కిస్తూ, 120 డిగ్రీలు దాటిన వేడిలో పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి పాత్రల్లో ఉడికిస్తారు. యురేనియం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీటికి కాస్టిక్ సోడా కలిపితే సోడియం డైయురేనేట్ అనే పసుప్పచ్చ పొడి వస్తుంది. దాన్ని హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి పంపుతారు. సాంకేతికంగా మంచి పనితనం, కాదనడానికి లేదు.

ఇక మిగిలిన దాని సంగతి. ఈ ఖనిజంలో యురేనియం ఆక్సైడు 0.04 శాతం అటూ ఇటూ. వెయ్యి కిలోల రాయి దంచితే అరకిలో కూడా రాదు. మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నులు. దాదాపు ఆ రాయంతా బురదగా మారి గొట్టాల్లో కె.కె. కొట్టాల ఊరి దగ్గరి టెయిల్‌పాండ్‌కు, అంటే మిల్లు వ్యర్థాలు నిలవ చేసే చెరువుకు చేరుతుంది. యురేనియం తీసేశాం కదా, ఇంకేముందిలే అనుకుంటే పొరపాటు. రాతిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. యురేనియం విచ్ఛిన్నమవుతూ పుట్టిన థోరియం-230, రేడియం-226 అందులోనే ఉంటాయి. రేడియం సగం తరగడానికి 1,600 ఏళ్లు, ఆ థోరియానికి 75,000 ఏళ్ల పైమాటే. రేడియం నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పుడుతూనే ఉంటుంది. బురద ఎండితే దుమ్ము లేస్తుంది.

ఇక్కడ ఒక్క మాట. మన జిల్లాల్లో రేడియేషన్ అంటే అందరూ ఆమడ దూరం పోరు. క్యాన్సర్‌కు ‘కరెంటు పెట్టించుకుని’ బాగై వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. థైరాయిడ్‌కు ఇచ్చే అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, మూడు నెలలకు దాదాపు ఆనవాలు ఉండదు. ఎంత డోసు, ఎన్ని రోజులు, ఎవరి పర్యవేక్షణలో అన్నది అక్కడ ముందే రాసి ఉంటుంది. కొట్టాలలో గొడవ సరిగ్గా ఆ పర్యవేక్షణ గురించే.

క్షార పద్ధతికి ఇంకో ఫలితం ఉంది. బురదతో పాటు సోడియం లవణాలు పోతాయి. రాతిలోని గంధకం వల్ల సోడియం సల్ఫేటూ తయారవుతుంది. పైగా కార్బొనేటు ఉన్న నీటిలో యురేనియం అడుగుకు పేరుకోకుండా కరిగే ఉంటుంది, నీరు ఎటు పోతే అటు పోతుంది. అంటే పాండ్ అడుగు గట్టిగా ఉండాల్సిన అవసరం జాదూగూడ కన్నా ఇక్కడే ఎక్కువ. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇచ్చేటప్పుడు పాండ్ అడుగున బెంటొనైట్ మట్టి, దాంతో పాటు పాలిథిన్ పొర వేయాలని షరతు పెట్టింది. బెంటొనైట్ తడిస్తే ఉబ్బి సందులు మూసేస్తుంది, నీటిని కిందికి దిగనివ్వదు.

ఆ పొర పడలేదు. 2018లో విశ్రాంత శాస్త్రవేత్త కె. బాబూరావు ఈ విషయాన్ని మండలి దృష్టికి తెచ్చారు. 2019లో మండలి ఈ గనిని, మిల్లును నడిపే యురేనియం కార్పొరేషన్‌కు నోటీసు ఇచ్చింది, నిపుణుల కమిటీని వేసింది. షరతు ఉందన్న సంగతి, అది అమలు కాలేదన్న సంగతి ఉత్పత్తి మొదలైన ఏడేళ్లకు అధికారికంగా కాగితం మీదికి వచ్చాయి.

రైతులు అంతకు ముందే చెబుతున్నారు. కనంపల్లె, మబ్బుచింతలపల్లె, కొట్టాల వైపు అరటి తోటలన్నీ బోరు నీళ్ల మీద, డ్రిప్పు మీద బతికేవే. డ్రిప్పు పైపుల చిల్లుల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటోందని, ఆకు అంచు నుంచి లోపలికి మాడుతోందని, పిలకలు ఎదగకుండానే చచ్చిపోతున్నాయని వాళ్లు చెప్పారు. ఒంటి మీద దురదలు, జీవాలు చనిపోవడం గురించీ చెప్పారు. రోగాల మాట వైద్యులు తేల్చాల్సిందే. అరటి విషయంలో మాత్రం రైతు చూసింది, రసాయన శాస్త్రం చెప్పేది ఒకటే. సోడియం ఎక్కువైన నీళ్లు పారితే మట్టి బిగుసుకుపోతుంది, తడి ఉన్నా వేరుకు అందదు, ఆకు అంచు ముందు మాడుతుంది. దీనికి రేడియేషన్ అక్కర్లేదు.

అందుకే పాండ్ కంచె దగ్గర మీటరు పెట్టి ‘రేడియేషన్ పరిమితికి లోబడే ఉంది’ అని చెప్పే జవాబు ఊళ్లకు తృప్తినివ్వదు. అడిగింది నీళ్ల గురించి, చూపించింది గాలి గురించి. యురేనియం నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలు చర్మం దాటవు. తాగే నీటితో కడుపులోకి పోతే ముందు దెబ్బ తినేది మూత్రపిండాలు, అదీ లోహ విషంగా. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు తాగునీటికి 30 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టింది. అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. ఏ హద్దుతో కొలిచారో చెప్పకుండా ‘సురక్షితం’ అంటే సగం జవాబే.

సంస్థ వాదన కూడా ఉంది. పాండ్ కొండల మధ్య ఉందని, అడుగున నీరు సులువుగా దిగని మట్టిని గట్టిపరిచామని, ఈ పట్టీ అంతా యురేనియం ఉన్న రాయే కాబట్టి భూగర్భ జలాల్లో అది సహజంగానే ఎక్కువని చెబుతుంది. చివరి మాటలో నిజం లేకపోలేదు. రాయలసీమలో గనులు లేని చోట్ల కూడా బోరు నీళ్లలో యురేనియం కనిపిస్తుంది. కానీ సహజంగా ఎంత, పాండ్ వల్ల ఎంత అని విడదీయాలంటే ప్రాజెక్టు రాకముందు ఊరూరా, బోరుబోరుకూ తీసిన లెక్క జనం ముందు ఉండాలి. అప్పుడు అరటి రైతు తన బోరు పాత లెక్కను కొత్త లెక్కతో తనే పోల్చి చూసుకునేవాడు.

కప్పట్రాళ్లకు ఇదెలా అతుకుతుందంటే, పొరుగున తెలంగాణలో ఇదే భయం ఇంకోలా ముగిసింది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో అక్కడి శాసనసభ తీర్మానం చేసింది. కప్పట్రాళ్లకు దక్కింది హామీ. హామీకి, తీర్మానానికి బరువులో తేడా ఎంతో దేవనకొండ, పత్తికొండ వైపు జనానికి ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈలోగా నియమాలు మారాయి. అణు ఖనిజాల తవ్వకాలకు పర్యావరణ అనుమతిలో ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. తుమ్మలపల్లెలో 2006లో జరిగిన సభ ఎంత మొక్కుబడిదైనా, జనం మైకు ముందుకొచ్చి మాట్లాడితే అది మినిట్స్‌లోకి ఎక్కింది. రేపు కప్పట్రాళ్లలో బోర్ల తర్వాత గని మాట వస్తే ఆ సభ కూడా ఉండదు. అప్పుడు ఊరికి పట్టుకోడానికి దొరికేది ముఖ్యంగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతిపత్రమే. కొట్టాల పాండ్‌కు లైనింగ్ వేయాలన్న షరతు రాసి ఉన్నదీ అలాంటి పత్రంలోనే.