ఈఎంటీలు ఎక్స్‌ట్రా కోర్సులు చేస్తే ఏం మారుతుంది, ఏం మారదు: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో 108 అంబులెన్స్ మీద ఈఎంటీగా, అంటే దారిలో పేషెంట్‌ని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా చేస్తూ కొత్తగా జాయినైన పిల్లలకి పని నేర్పిస్తుంటాను. వాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే, అన్నా ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అడ్వాన్స్‌డ్ చికిత్స నేర్పే షార్ట్ కోర్సు) చేసేస్తే మన లెవెల్ పెరుగుద్దా అని. పెరుగుద్ది, కాకపోతే వాళ్ళు అనుకునే చోట కాదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

అపోహ: కోర్స్ పాసైన కార్డ్ చేతికొస్తే అందులో నేర్పినవన్నీ మనమే చేసేయొచ్చు.

వాస్తవం: అస్సలు కాదు, అన్నిటికంటే డేంజర్ అపోహ ఇదే. కోర్స్ చేస్తే మీకు ఆ విషయం తెలుసు అని అర్థం అంతే, చెయ్యొచ్చా లేదా అనేది మీ పోస్టు, సర్వీస్ ప్రోటోకాల్, ఫోన్‌లో ఉన్న ఈఆర్‌సీపీ (కాల్ సెంటర్ నుంచి మనకి సలహా ఇచ్చే ఎమర్జెన్సీ డాక్టర్) చెప్పిన మాట, ఈ మూడిటి మీదే ఉంటుంది. అమెరికా వీడియోలు చూసి చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతున్నారు గానీ అక్కడ కూడా కింద నుంచి పైకి ఈఎంఆర్ (ఎమర్జెన్సీ మెడికల్ రెస్పాండర్), ఈఎంటీ, అడ్వాన్స్‌డ్ ఈఎంటీ, పారామెడిక్ అని నాలుగు లెవెల్స్ ఉన్నాయి, మామూలు ఈఎంటీ వెళ్ళి ఏసీఎల్ఎస్ క్లాసులో కూర్చుని పాసైనా సరే గుండె మందులు ఐవీలో (నరంలోకి) ఎక్కించే పర్మిషన్ రాదు, దానికి పారామెడిక్ చదివి లైసెన్స్ తెచ్చుకోవాల్సిందే. కార్డ్ ఉంది కదా అని డాక్టర్‌ని అడక్కుండా ఇంజెక్షన్ చేస్తే రేపు తేడా వచ్చినప్పుడు ఆ కార్డ్ మిమ్మల్ని కాపాడదు.

అపోహ: మరి చెయ్యనివ్వనప్పుడు నేర్చుకుని ఏం లాభం, డబ్బులు దండగ.

వాస్తవం: ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఓ కేసు చెప్తా. ఒకాయన ఫుట్‌పాత్ మీద పడున్నాడు, చుట్టూ జనం, "తాగేసి పడిపోనాడు బాబూ, ఏటీ అవదు" అంటున్నారు, ఒకరైతే నోట్లో సోడా పొయ్యబోతున్నారు. మా కుర్రాడు ముందు ఆ సోడా ఆపాడు, స్పృహ లేనివాళ్ళకి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కదా. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది, పిలిస్తే మూలుగుతున్నాడు తప్ప మాట లేదు. వాడు వెంటనే వేలికి గుచ్చి షుగర్ చూస్తే 38, ప్రమాదకరంగా పడిపోయింది. ఈఆర్‌సీపీకి ఫోన్ చేసి రీడింగ్, బీపీ, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) వరసగా చెప్పాడు, డాక్టర్ మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) పెట్టమన్నారు. ఇక్కడ వాడు తన పరిధి దాటి చేసింది ఏమీ లేదు, ట్రైనింగ్ వల్ల ఎక్కడ చూడాలో తెలిసింది, ఏం చెప్పాలో తెలిసింది. నన్నడిగితే లెవెల్ పెరగడం అంటే ఇదే.

హ్యాండోవర్, అంటే పేషెంట్‌ని ఆసుపత్రికి అప్పజెప్పే సంగతీ అంతే. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రద్దీ టైమ్‌లో సిస్టర్ మీ మాట వినేది కొన్ని సెకన్లు. "యాక్సిడెంట్ కేసు మేడం" అని స్ట్రెచర్ వదిలేసే వాళ్ళు వేరు, "బైక్ స్కిడ్, ఆనందపురం దగ్గర, హెల్మెట్ లేదు, జీసీఎస్ 13, ఈ3 వీ4 ఎమ్6, ఒకసారి వాంతి, దెబ్బ తగిలి నలభై నిమిషాలు" అని చెప్పేవాళ్ళు వేరు (జీసీఎస్ అంటే స్పృహ ఎంత ఉందో చెప్పే స్కోరు, ఈ, వీ, ఎమ్ అంటే కళ్ళు, మాట, కదలిక). రెండోవాళ్ళకి డ్యూటీ డాక్టర్ తలెత్తి చూసి సమాధానం ఇస్తారు, నెక్స్ట్ టైమ్ పేరు పెట్టి పిలుస్తారు.

అపోహ: సర్టిఫికెట్ పెడితే జీతం పెరుగుతుంది.

వాస్తవం: 108లో జీతం పోస్టుని బట్టి, కార్డుని బట్టి కాదు. ప్రైవేట్ హాస్పిటల్ ఎమర్జెన్సీలో ఉద్యోగానికి వెళ్తే మాత్రం బీఎల్ఎస్ (సీపీఆర్ లాంటి ప్రాథమిక ప్రాణరక్షణ కోర్సు), ఏసీఎల్ఎస్ ఉన్నాయా అని అడుగుతారు, అక్కడ పనికొస్తుంది.

అపోహ: నాలుగు షార్ట్ కోర్సులు కలిపితే పారామెడిక్ అయిపోతాం.

వాస్తవం: 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. దాని ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ లోపు కనీసం 2000 గంటల డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలి. రెండు రోజుల వర్క్‌షాపులు ఎన్ని చేసినా ఆ లెక్కలోకి రావు. ఎవరైనా "వీకెండ్‌లో పారామెడిక్" అని డబ్బులు కట్టమంటే కట్టొద్దు తమ్ముళ్ళూ, దయచేసి. ఆ డబ్బులతో రెగ్యులర్ డిప్లొమా ఫీజు చూసుకోండి.

అపోహ: ఒకసారి పాసైతే చాలు.

వాస్తవం: ఈ బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్‌లకి ఏహెచ్ఏ (అమెరికన్ హార్ట్ అసోసియేషన్) ఇచ్చే కార్డు వాలిడిటీ రెండేళ్ళే, చేతి పని అంతకంటే ముందే మర్చిపోతాం. సీపీఆర్‌లో ఛాతీ మీద నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, ఇది నోటితో అందరూ చెప్తారు గానీ రెండు నిమిషాలు బొమ్మ మీద నొక్కమంటే సగంలోనే లోతు తగ్గిపోతుంది. స్టేషన్‌లో ఖాళీ దొరికినప్పుడు ప్రాక్టీస్ చెయ్యండి, పైలట్ (బండి డ్రైవర్) అన్ననీ కలుపుకోండి, ఆయనకి సీపీఆర్ రాకపోతే మీరు ఒంటరి అయిపోతారు.

అపోహ: అందరికంటే ముందు ఏసీఎల్ఎస్ కొట్టాలి.

వాస్తవం: ఈసీజీ చదవడం రాకుండా ఏసీఎల్ఎస్‌కి వెళ్తే అక్కడ చెప్పేది సగం బుర్రకెక్కదు. ముందు బీఎల్ఎస్ గట్టిగా, తర్వాత ట్రామా (యాక్సిడెంట్ దెబ్బల) కోర్సు, ఎందుకంటే హైవే మన ఊళ్ళోంచే పోతుంది. వీటితోపాటు కాన్పు, పసిబిడ్డ ట్రైనింగ్ ఎక్కడ దొరికినా వదలొద్దు. అరకు, పాడేరు ఘాట్‌లో బండిలోనే కాన్పు అయిపోతే బిడ్డ బయటకొచ్చిన మొదటి నిమిషంలోనే తుడిచి, వెచ్చగా చుట్టి, ఏడవకపోతే వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి తియ్యకపోతే చిన్న మాస్క్ పెట్టి బ్యాగ్ నొక్కాలి. ఆ నిమిషంలో పక్కన డాక్టర్ ఉండరు, సిగ్నల్ కూడా ఉండకపోవచ్చు.